స్థానిక రేడియోలో కచేరీ, పుస్తక పరిచయం: ప్రసారం కావాలా, రికార్డింగు పెడితే చాలా?

కృష్ణలంక శ్రోత:
మొన్న ఒక మిత్రుడు అన్నాడు, "బాలమురళి కచేరీలు యూట్యూబులో ఉన్నాయి, కొత్త పుస్తకాల సంగతి ఫేస్‌బుక్కులో తెలుస్తోంది, ఇంకా స్థానిక కేంద్రాలు వీటికి టైము ఇవ్వడం దేనికి" అని. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, అన్నవరపు రామస్వామి పనిచేసిన చోటు అది. యూట్యూబులో పెద్దవాళ్ల కచేరీలు దొరుకుతాయి, నిజమే. తెనాలిలోనో బందరులోనో ఆకాశవాణి ఆడిషన్ పాసై, కళాకారులకు వాళ్లిచ్చే గ్రేడుల్లో మొదటి మెట్టు బి గ్రేడు తెచ్చుకున్న అమ్మాయి పాట ఎక్కడ దొరుకుతుంది?

మా అమ్మ పొద్దున భక్తిరంజని వస్తుంటే పోపు వేసేది కాదు, ఆ చిటపటల్లో చరణం వినబడదని. రేడియోలో సంగీత శిక్షణ కార్యక్రమంలో చెప్పిన కృతులన్నీ నా పాత లెక్కల నోట్సులో మిగిలిన పేజీల్లో రాసుకుంది. ఆమెకు గురువు రేడియోనే.

డల్లాస్ నుంచి:
మీ అమ్మగారి మాట చదివి మా అమ్మమ్మ గుర్తొచ్చిందండీ. కానీ ఒప్పుకోలేను. యాప్‌లో లైవ్ వస్తుంది, మీ రాత్రి పది మాకు ఆఫీసు వేళ. ప్రసారం అయిపోయాక మళ్లీ విందామంటే చాలావరకు దొరకదు. ఇంకోటి. 1952లో కేస్కర్ గారు కేంద్రంలో సమాచార, ప్రసారాల మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు పక్కన పెట్టించి శాస్త్రీయ సంగీతం పెంచారు. జనం సినిమా పాటలు వేసే శ్రీలంక కేంద్రం రేడియో సిలోన్‌కి వెళ్లిపోయారు. చివరికి 1957లో ఆకాశవాణే సినిమా పాటలతో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. టైము కేటాయించినంత మాత్రాన వినేవాళ్లు పుట్టరు.

పక్కవాద్యం:
నేను వయొలిన్ వాయిస్తాను, బి హై గ్రేడు, అంటే బి కంటే ఒక మెట్టు పైన. స్టూడియోలో ఎర్ర లైటు వెలిగాక దగ్గు వచ్చినా ఆపుకోవాలి. అరగంటలో వర్ణం, ఒక పెద్ద కృతి, చివర చిన్నదేదో సర్దాలి. గడియారం చూసుకుంటూ స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) ఎక్కడ ఆపాలో పాడేవాళ్లకి తెలియాలి, ఆ సంగతి నాకూ అందాలి. సభల్లో పది నిమిషాలు ఎక్కువైనా ఎవరూ ఏమీ అనరు. మాకు పొదుపు నేర్పింది రేడియోనే.

బాధ కూడా చెప్తాను. ఒక కేంద్రంలో ముఖారి అని రాసిచ్చిన రాగాన్ని భైరవి అని చదివారు. వయొలిన్, మృదంగం పేర్లు చెప్పనే లేదు. ఆ రోజు మా ఇంట్లో అందరూ రేడియో చుట్టూ కూర్చున్నారు. ఈ కార్యక్రమాలు ఉండాలి అని అడిగేవాళ్లం, శ్రద్ధగా చెయ్యండి అని కూడా గట్టిగా అడగాలి.

మొదటి పుస్తకం:
కచేరీల గురించి నాకు అంత తెలియదు, పుస్తకాల సంగతి చెప్తాను. నా కథల పుస్తకం 500 కాపీలు వేశాను. ఏలూరు రోడ్డు షాపుల్లో ఇచ్చినవి చాలావరకు అక్కడే ఉన్నాయి. ఒక రేడియో కేంద్రానికి సమీక్ష కోసం రెండు కాపీలు ఇచ్చాను. ఎనిమిది నెలల తర్వాత ప్రసారం చేశారు, ఎప్పుడో నాకే చెప్పలేదు. కథల పేర్లు వరసగా చదివి, శైలి సరళంగా ఉంది అన్నారట. వెల చెప్పలేదు, ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు.

ఇంకో కేంద్రంలో నా చేతే ఒక కథలో రెండు పేజీలు చదివించారు. అప్పు తీర్చడానికి గేదెను అమ్మేసే తండ్రి కథ. వారం తర్వాత గుడివాడ నుంచి ఒక టైలరు ఫోన్ చేశారు. రేడియో వాళ్లని అడిగి నా నంబరు తీసుకున్నారట. "అమ్మా, మిషను మీద ఉన్నాను, సగంలో కరెంటు పోయింది. ఆ గేదె మళ్లీ ఇంటికొచ్చిందా?" అని అడిగారు. ఇప్పటిదాకా నా పుస్తకం గురించి అంత ఆత్రంగా ఎవరూ అడగలేదు.

కృష్ణలంక శ్రోత:
డల్లాస్ గారూ, నేను చెప్పాలనుకున్నది ఆ టైలరే చెప్పేశారు. మీరు వెతుక్కుని వింటారు. వెతకాలంటే ముందు పేరు తెలియాలి కదండీ. మిషను మీద కూర్చున్న మనిషి ఆ పుస్తకం కోసం ఎప్పటికీ వెతికేవాడు కాదు, దానంతటది చెవిన పడింది కాబట్టి ఆగి విన్నాడు. కేస్కర్ గారి సంగతి అంటారా, ఆయన ఇంకొకరి పాట తీయించారు. నేను ఎవరి పాటా తీయమనడం లేదు. కచేరీకి ఒక అరగంట, కొత్త పుస్తకానికి పదిహేను నిమిషాలు, అదీ రచయిత గొంతుతో, ఉంచమంటున్నాను. అయిపోయాక రాగం, తాళం, పక్కవాద్యాల పేర్లు, పుస్తకం వెల రాసి రికార్డింగు పెడితే మరీ మంచిది. ఆ విషయంలో మీ మాటే నా మాట.

డల్లాస్ నుంచి:
టైలరు విషయం ఒప్పుకుంటున్నాను. అయినా ఆ రెండు పేజీలు నేను ఇప్పుడు వినాలంటే ఎక్కడా లేవు, నా గొడవ అదే. మొదటి పుస్తకం గారూ, జనవరిలో పుస్తక మహోత్సవానికి విజయవాడ వస్తున్నాను. ఏ స్టాల్లో దొరుకుతుందో చెప్పండి.