రాజ్యాంగం పౌరుణ్ణి తయారు చేస్తుందా?

ప్రశ్న అడిగినవారు:
రాజకీయాల గురించి జనం ఆలోచించే తీరు చాలావరకు వాళ్ల రాజ్యాంగ సంప్రదాయం నుంచే వస్తుందని నా వాదన. తుపాకుల సంగతే చూడండి. 1996లో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాదే బ్రిటన్ పార్లమెంటు చేతి తుపాకుల్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. అక్కడ గొడవంతా నిషేధం మంచిదా కాదా అనే. అదే అమెరికాలో అయితే ఆయుధాలు ఉంచుకునే హక్కు గురించి చెప్పే 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ దగ్గరే మాట మొదలవుతుంది. మంచీచెడ్డా తర్వాత.

మొదటి జవాబు:
ఒప్పుకోనండీ. రాతే మనుషుల్ని మార్చేదైతే 1919 నాటి వైమార్ రాజ్యాంగం జర్మనీని కాపాడాలి. స్త్రీలకూ ఓటు, దామాషా ప్రాతినిధ్యం, బోలెడు హక్కులు, అన్నీ ఉన్నాయి అందులో. 1933లో హిట్లర్ చేతికి అధికారం వచ్చాక ఏమైందో తెలిసిందేగా.

ప్రశ్న అడిగినవారు:
వైమార్ నాకే సాక్ష్యం! 48వ అధికరణం కూడా ఆ రాజ్యాంగంలోదే. పార్లమెంటును పక్కనపెట్టి అధ్యక్షుడి అత్యవసర ఉత్తర్వులతో పాలన సాగించొచ్చని జనానికి అలవాటు చేసింది అదే. 1949లో పశ్చిమ జర్మనీ రాజ్యాంగం రాసినవాళ్లు ఆ పాఠం నేర్చుకున్నారు కాబట్టే, మొదటి అధికరణంలోని మానవ గౌరవ సూత్రాన్ని ఏ మెజారిటీ వచ్చినా సవరించకుండా కట్టేశారు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
1949 తర్వాత పశ్చిమ జర్మనీలో ఉద్యోగాలు, జీతాలు కూడా పెరిగాయి కదా? వైమార్‌కి దక్కింది ఆర్థిక మాంద్యం. కడుపు నిండిన కాలంలో ఏ రాజ్యాంగమైనా గొప్పగానే కనిపిస్తుంది.

మూడో సభ్యురాలు:
ఇద్దరూ స్విట్జర్లాండ్‌ని వదిలేశారు. అక్కడ 18 నెలల్లో లక్ష సంతకాలు సేకరిస్తే రాజ్యాంగ సవరణను నేరుగా ప్రజల ఓటుకు పెట్టించొచ్చు. మాటిమాటికీ అడిగితే పౌరుడికి బాధ్యత పెరుగుతుందంటారు. సరే, 1959లో స్త్రీలకు ఓటు ఇద్దామా అని అడిగితే మూడింట రెండు వంతుల మగవాళ్లు వద్దన్నారు. జాతీయ స్థాయిలో ఆ హక్కు వచ్చింది 1971లో.

ప్రశ్న అడిగినవారు:
కానీ 1971లో దిద్దుకున్నదీ అదే ఓటుతోనే కదా.

మూడో సభ్యురాలు:
అన్నిచోట్లా కాదు. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌లో (స్విట్జర్లాండ్‌లో రాష్ట్రాన్ని అలా అంటారు) మగవాళ్లు 1990లో కూడా వద్దనే చేతులెత్తారు. చివరికి ఫెడరల్ కోర్టు తీర్పుతో అక్కడి ఆడవాళ్లకు కాంటన్ ఎన్నికల్లో ఓటు వచ్చింది. అదే సంప్రదాయంలో, అడగబడినవాళ్లకూ అడగబడనివాళ్లకూ రాజకీయమంటే ఒకే అభిప్రాయం ఉంటుందా?