లంబసింగిలో రాత్రి బసకి ఎలాంటి బరకం తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. పోయిన డిసెంబరులో నలుగురం లంబసింగి వెళ్లాం. టెంటు ఎందుకులే దండగ అని, ఇంట్లో వడ్లు ఆరబోసే నీలం బరకమే పట్టుకెళ్లాం. 12 అడుగులకి 15. రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నైలాన్ తాడు లాగి, దాని మీద ఇంటికప్పులా వేసి, అంచులు నేలకి ఆనించి రాళ్లు పెట్టాం.

తెల్లారేసరికి తాడు సాగి బరకం మొహాల మీదికి దిగింది. పైన మంచు సరే, లోపలి వైపు కూడా నీళ్లు కారి దుప్పట్లు తడిసిపోయాయి. చిల్లేమీ లేదు, వెతికాను. మా ఊపిరి ఆవిరేనా అది? అలాగైతే అంచులు జానెడు ఎత్తులో కట్టాలా? మరి చలిగాలి సంగతి?

గాలికి ఒక మూల తాడు కట్టే రింగు కూడా ఊడొచ్చింది. గుండ్రాయిని బరకంలో మూటలా చుట్టి దాని మెడకి తాడు కట్టమని మా బాబాయి అంటున్నాడు. ఎవరైనా చేసి చూశారా, నిలుస్తుందా?

ఇప్పుడు కొత్తది కొనాలి. ఇదే సైజులో 120 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 120 గ్రాములు) అయితే రెండు కిలోలు, 200 అయితే మూడు కిలోల పైమాటే. బస్సు దిగి నడవాలి కాబట్టి బరువు ముఖ్యం. సిలికాన్ పూత నైలాన్‌వి తేలిక అంటారు గానీ ధర చూసి గుండె ఆగినంత పనైంది. వాడినవాళ్లు కాస్త చెప్పండి, సంక్రాంతి లోపు మళ్లీ వెళ్తున్నాం.