ఫ్రీలాన్స్ ఆదాయం సున్నా, ఖర్చులు రిటర్న్‌లో చూపొచ్చా?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ వెబ్ డిజైన్ మొదలుపెట్టాను. ఈ ఏడాది రూపాయి రాలేదు. హోస్టింగ్ ఖర్చు, డిసెంబర్‌లో 60,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ జీతంలోంచి తగ్గించుకోవచ్చా అండీ?

జవాబు 1: జీతంలోంచి కుదరదండీ, వ్యాపార నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేయనివ్వరు. ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ల ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం) వేసి నష్టం చూపండి. 8 ఏళ్ల వరకు వ్యాపార లాభంలోంచి తగ్గించుకోవచ్చు. రిటర్న్ గడువు తేదీ దాటిందా, ఆ నష్టం తర్వాతి ఏళ్లకు రాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

జవాబు 2: ల్యాప్‌టాప్ ధర మొత్తం ఖర్చుగా రాసేయకండి. వాడకంతో తగ్గే విలువనే (తరుగుదల) ఏటా ఖర్చుగా చూపాలి, అది 40 శాతం. ఈ ఆర్థిక సంవత్సరంలో వాడింది 180 రోజుల లోపే కాబట్టి అందులో సగం, అంటే 12,000. సొంతానికీ వాడితే ఇంకా తగ్గుతుంది.

జవాబు 3: ఆదాయం రాకపోయినా పనికి సిద్ధంగా ఉన్నట్టు రుజువులుండాలి. నడుస్తున్న సైటు, క్లయింట్లకు పంపిన కొటేషన్ మెయిళ్లు, మీ పేరున బిల్లులు దాచండి.