లింక్డ్‌ఇన్ నుంచి స్పీచ్‌లు, ట్రైనింగ్ సెషన్లు దొరుకుతాయా? (కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు చెప్పండి)

కొండారెడ్డి_బురుజు: కాలేజీలకు, కంపెనీలకు స్టేజ్ స్పీచ్, సాఫ్ట్ స్కిల్స్ సెషన్లు చేసేవాళ్లకు లింక్డ్‌ఇన్‌లో పని వస్తాదా? ప్రొఫైల్ ఎట్ల పెట్టాల, కనెక్షన్ రిక్వెస్ట్ ఎవరికి పంపాల, ఫీజు మాట ఎప్పుడు ఎత్తాల? ప్రీమియం కొనాల్నా?

పెన్న_గట్టు: ముందు హెడ్‌లైన్ (ప్రొఫైల్‌లో పేరు కింద వచ్చే లైను) సరిచేసుకోండి. 220 అక్షరాలు ఇస్తాడు, మనోళ్లు 'మోటివేషనల్ స్పీకర్, డ్రీమర్, లైఫ్ కోచ్' అని నింపేస్తారు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఆ మాటలతో వెతకడు. 'ఇంజినీరింగ్ ఫైనలియర్‌కు ఇంటర్వ్యూ, గ్రూప్ డిస్కషన్ ట్రైనింగ్, కడప–అనంతపురం' అని పెడితే సెర్చ్‌లో తగుల్తారు. కామెంట్ రాసినప్పుడు పేరు కింద హెడ్‌లైన్ మొదటి ముక్కే కనబడుతుంది, తోక తెగిపోతుంది. అందుకే పని ముందు, బిరుదులు తర్వాత.

గుత్తి_జంక్షన్: హెడ్‌లైన్ ఎవడు చూస్తాడన్నా! సంఖ్య కావాల. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి వేస్తే రోజంతా దానంతట అదే రిక్వెస్ట్‌లు పంపుతాది. పదేండ్లుగా ఈ ఫీల్డులో ఉండి చెప్తాండా.

తుంగభద్ర_నీళ్లు: అనుభవం సంగతి పక్కన పెట్టు. అట్లాంటి టూల్స్ యూజర్ అగ్రిమెంట్‌లోనే నిషేధం. దొరికితే అకౌంట్ ఆపేస్తారు, మరీ ముదిరితే మొత్తం పోతాది. కూడబెట్టిన రికమెండేషన్లూ దాంతోపాటే. పైగా 'ఈ మనిషి నాకు తెలీదు' అని నలుగురు కొడితే, తర్వాత ప్రతి రిక్వెస్ట్‌కూ అవతలివాళ్ల ఈమెయిల్ అడుగుతాది.

గుత్తి_జంక్షన్: రూల్స్ చదువుకుంటా కూర్చునేవాళ్లు స్టేజీ ఎక్కరు బ్రదర్.

పెన్న_గట్టు: పంపిన రిక్వెస్ట్ వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్లీ పంపనీకి మూడు వారాల దాకా ఆగాల. ఇదన్నా తెలుసునా పదేండ్లకు?

ఉగ్గాణి_బజ్జీ: కొట్లాట ఆపండి సామీ. ఫ్రీ అకౌంట్‌లో నోటు రాసి పంపే రిక్వెస్ట్‌లు నెలకు కొన్నే, అవీ 200 అక్షరాల లోపే. వాటిని టీపీఓల (కాలేజీ ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ల) కోసం దాచుకోండి. 'నమస్తే సార్, మీ కాలేజీ ప్లేస్‌మెంట్ డ్రైవ్ పోస్టు చూసినాను. థర్డ్ ఇయర్‌కు గ్రూప్ డిస్కషన్ మీద 3 గంటల సెషన్ ఉంది. ప్లాన్ పంపమంటారా?' ఇంతే. బ్రోషర్, యూట్యూబ్ లింకు మొదట్లోనే తోయొద్దు.

తుంగభద్ర_నీళ్లు: నేను ఒప్పుకోను. ట్రైనర్ నోటంటేనే అమ్మకం వాసన కొడతాది. ముందు వాళ్ల పోస్టుల కింద రెండు మూడు పనికొచ్చే కామెంట్లు రాసి, తర్వాత నోటు లేకుండా పంపితేనే ఒప్పుకుంటారు.

ఉగ్గాణి_బజ్జీ: పనికొచ్చే కామెంటా! అందరూ రాసేది 'కంగ్రాట్స్ సార్', దండం బొమ్మ. అది చూసి ఎవడు పిలుస్తాడు?

తుంగభద్ర_నీళ్లు: దండం పెట్టమని ఎవరన్నారు? 'ఈ డ్రైవ్‌లో గ్రూప్ డిస్కషన్ ఉందా, నేరుగా ఇంటర్వ్యూనా?' అని అడుగు. జవాబు ఇచ్చినోడికి పేరు గుర్తుంటాది.

గండికోట_గాలి: వీడియో మాటే ఎత్తరేం? హాల్లో వెనక బెంచీ నుంచి ఫోన్‌తో తీసింది పెట్టొద్దు, గోడలకు కొట్టి వచ్చే ఎకోలో మాట మునిగిపోతుంది. కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద తగిలించి, ఫ్యాన్ గాలి తగలకుండా స్పాంజి తొడుగు వేయాల. నిమిషం, నిమిషంన్నర చాలు. ఫీడ్‌లో వీడియో శబ్దం లేకుండా మొదలవుతుంది కాబట్టి తెర మీద అక్షరాలు తప్పనిసరి. బాగా వచ్చిన దాన్ని ప్రొఫైల్‌లోని ఫీచర్డ్ సెక్షన్‌లో పెట్టండి. ప్రొఫైల్ పైన వచ్చే బ్యానర్ బొమ్మ సైజు 1584×396 పిక్సెల్స్. ఎడమ కింది మూల ఫొటో కిందికి పోతాది, ఫోన్ నంబరు అక్కడ వేసి ప్రయోజనం లేదు.

కొండారెడ్డి_బురుజు: ఫీజు గురించి ఒక్కరూ చెప్పరే?

పాలకొండ_మెట్లు: ఎన్ని గంటలు, ఎంతమంది పిల్లోళ్లు, మైక్ ఎవరిది, ఈ మూడూ తేలినాకే అంకె చెప్పండి. రెండు వందల మంది హాలుకు, ముప్పై మంది క్లాసుకు ఒకే రేటు కాదు. ప్రయాణం, బస విడిగా రాయించుకోండి. ఒక కాలేజీ ఇచ్చేది ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ఫీజులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు (2025 ఏప్రిల్‌కు ముందు 30,000). పాన్ ఇవ్వకుంటే 20 శాతం. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బెంగళూరు కంపెనీకి చేసినా అంతే.

గుత్తి_జంక్షన్: టీడీఎస్ పాఠాలకు వేరే చోటు లేదా?

పాలకొండ_మెట్లు: ఫీజు అడిగింది ఆయన, నువ్వు కాదు.

హంద్రీ_వాగు: అంతా చదివినా. గుత్తి అన్నా, ఆ ఎక్స్‌టెన్షన్ పేరేంది?