జోన్ ఆఫ్ ఆర్క్ పుట్టిన ఊరికి వెళ్లడం దండగా?

వేసవి_ప్రయాణం
మే నెలలో అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. మేము ఫ్రాన్స్‌లో నాన్సీలో ఉంటాం. ఇంగ్లీషు వాళ్లతో యుద్ధంలో ఫ్రాన్స్ సైన్యాన్ని నడిపిన జోన్ ఆఫ్ ఆర్క్ పుట్టి పెరిగిన దోంరెమీ మాకు కారులో గంట దూరం. చిన్నప్పుడు బడిలో చదువుకున్న పాఠం నాన్నకు ఇప్పటికీ గుర్తు. ఫోను చేసిన ప్రతిసారీ "ఆ పిల్ల ఊరు చూపిస్తావా" అని అడుగుతున్నారు. మా ఆయనేమో ఆ రోజు కూడా పారిస్‌కే పెడదామంటున్నారు. వెళ్లినవాళ్లు చెప్పండి, వెళ్లదగ్గదేనా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు.

సందేహాల_శాస్త్రి
వెళ్లకండి. రెండేళ్ల కిందట ఒక ట్రావెల్స్ వాళ్లు "జోన్ అడుగుజాడల్లో" అని ప్రకటన ఇస్తే డబ్బు కట్టి వెళ్లాను. రోజంతా బస్సులో కూర్చోబెట్టి దోంరెమీలో ఇచ్చింది నలభై నిమిషాలు. అందులో పావుగంట మరుగుదొడ్డి వరుసలోనే పోయింది.

సరే, ఆ కోపం పక్కన పెడతాను. చూడడానికి ఏముంది? వాలుకప్పు ఇల్లు ఒకటి, లోపల నాలుగు గదులు, నాలుగింటిలోనూ ఒట్టి గోడలు. గుమ్మం మీద చెక్కిన రాయిని గైడు గొప్పగా చూపించాడు. ఆ రాయి మీద ఉన్న సంవత్సరం 1481. ఆమెను సజీవదహనం చేసింది 1431లో. అంటే ఆమె పోయిన యాభై ఏళ్లకు పెట్టిన రాయి! ఊరి పైన అడవి పక్కనున్న బసిలికా అనే పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టింది 1881లో. ఆమె చరిత్ర జరిగింది ఓర్లియన్స్‌లో, రీమ్స్‌లో, రువాన్‌లో. మీ నాన్నగారిని రీమ్స్ తీసుకెళ్లండి, ఆమె దగ్గరుండి రాజుకు పట్టాభిషేకం చేయించిన చర్చి అక్కడ ఉంది.

పిడుగు
ఇంత దూరం వెళ్లేవాళ్లలో ఎంతమంది చందుపట్లలో రుద్రమదేవి మరణ శాసనం చూశారో చెయ్యెత్తండి.

విశ్రాంత_మాస్టారు
పిడుగు గారూ, రుద్రమ మీద వేరే చర్చ పెట్టండి, అక్కడికీ వస్తాను.

అమ్మా వేసవీ, తప్పకుండా వెళ్లండి. నేను ముప్పై నాలుగేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. మూడేళ్ల కిందట మా అమ్మాయి తీసుకెళ్లింది. శాస్త్రి గారు చూసింది రాయి, నేను చూసింది పచ్చిక. మ్యూజ్ నది అక్కడ మన పంటకాలువ కంటే కొంచెం వెడల్పు, అంతే. ఒడ్డున ఆవులు మేస్తున్నాయి. వంతెన మీద నిలబడితే గడ్డి వాసన, చర్చి గంట, మరో చప్పుడు లేదు. ఊళ్లో వంద మందికి అటూ ఇటూగా ఉంటారట. ఒక గొర్రెల కాపరి పిల్ల, తల్లిదండ్రుల మాట జవదాటని పిల్ల, ఈ పచ్చికలో నుంచి లేచి వెళ్లి ఒక దేశాన్ని నిలబెట్టింది కదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. కోట చూస్తే ఆ అనుభవం రాదు.

సిసిలియా_గుంటూరు
మాస్టారూ, నమస్తే. వెళ్లమన్న మీ మాటతో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. మా అమ్మ పదేళ్ల కిందట మా చర్చి ఫాదర్‌తో కలిసి యాత్రకు వెళ్లి వచ్చింది, ఆ బసిలికాలో వెలిగించిన కొవ్వొత్తి గురించి ఇప్పటికీ చెబుతుంది. కానీ ఆమె గొర్రెల కాపరి కాదండి. మరణశిక్ష వేసిన రువాన్ విచారణలో ఆమే చెప్పింది. ఇంటి పనులు చేసేదాన్నని, ఊహ తెలిశాక పశువుల వెంట మామూలుగా వెళ్లేదాన్ని కాదని. సైనికులు వస్తున్నారన్న భయం ఉన్నప్పుడు మాత్రం పశువులను నది లంకలో ఉన్న కోటలోకి తోలడానికి సాయం పట్టేదట. దేనికైనా గర్వపడిందంటే కుట్టుపనికి, నూలు వడకడానికి. ఆ రెండింటిలో రువాన్‌లో ఏ ఆడదానికీ తీసిపోనని న్యాయమూర్తుల ముఖం మీదే అంది.

విశ్రాంత_మాస్టారు
సిసిలియా గారూ, మీరు సగమే చదివారు. 1456లో ఆమె శిక్షను రద్దు చేసిన రెండో విచారణలో ఊరివాళ్లే సాక్ష్యం చెప్పారు. తండ్రి వంతు వచ్చినప్పుడు ఊరి పశువులను ఆమె కాసేదని ఒకరు కాదు, చాలామంది అన్నారు. ఊళ్లో పశువులన్నిటినీ కలిపి వంతులవారీగా కాయడం మన పల్లెల్లోనూ ఉన్నదే. ఇరుగుపొరుగు కంటే మనకు ఎక్కువ తెలుసా?

సిసిలియా_గుంటూరు
ఇరుగుపొరుగు కంటే ఆమెకు ఎక్కువ తెలుసు కదండీ? వాళ్లు చెప్పింది పాతికేళ్ల తరువాత. అప్పటికి ఆమె పేరు దేశమంతా మారుమోగింది. పవిత్రురాలు అనగానే చేతికి కర్ర, పక్కన గొర్రెపిల్ల వచ్చేస్తాయి.

విశ్రాంత_మాస్టారు
కర్ర సంగతి నేను ఎత్తలేదు. "ఎప్పుడూ కాయలేదు" అని ఆమె అనలేదు. చిన్నప్పటి సంగతి గుర్తులేదంది. గుర్తులేదంటే లేదని అర్థమా?

సందేహాల_శాస్త్రి
వాళ్లమ్మ మోకాళ్ల గురించి అడిగితే మీరిద్దరూ గొర్రెల లెక్క తేలుస్తున్నారు.

తూర్పు_గాలి
ఒక చిన్న సవరణ. ఆమెను "లోరెన్ కన్య" అంటారు గానీ అప్పట్లో ఆ ఊరు పూర్తిగా లోరెన్ ప్రాంతం కాదు. ఊరి మధ్య వాగు ఒకటి, దానికి అటొక ఏలుబడి, ఇటొక ఏలుబడి. ఇక్కడివారు దాదాపు అందరూ ఫ్రాన్స్ రాజు పక్షం. నది అవతల మాక్సీ ఊరివాళ్లు ఇంగ్లీషు వాళ్లతో చేతులు కలిపిన బర్గండీ ప్రభువు పక్షం. రెండూళ్ల పిల్లలు కొట్టుకుని తమ ఊరి వాళ్లు నెత్తురుతో తిరిగి రావడం చూశానని ఆమే చెప్పింది. కక్షలున్న ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 1428లో బర్గండీ సైనికులు వస్తున్నారని ఊరంతా పశువులతో సహా నఫ్‌షాతో పట్టణానికి పారిపోయింది. మాస్టారూ, మీ పచ్చిక ఆరోజుల్లో అంత ప్రశాంతంగా లేదు.

పారిస్_పక్కింటబ్బాయి
నాకు ఆమె పేరు వింటే ఊరు గుర్తుకు రాదు. పారిస్‌లో బంగారు పూత పూసిన ఆమె గుర్రపు విగ్రహం ఉంది. వలసవాళ్లు వద్దనే పార్టీ వాళ్లు ఏళ్ల తరబడి మే 1న దాని దగ్గరికే ఊరేగింపుగా వెళ్లేవాళ్లు. మొదటి ఏడాది తెలియక ఆ వీధిలోకి వెళ్లి, దుకాణంలో దూరి గంటసేపు నిలబడ్డాను.

సందేహాల_శాస్త్రి
అదీ నా మాట! ఆమె ఎవరికి కావాలంటే వాళ్లకు దొరుకుతుంది. రాజుకు, పార్టీకి, చర్చికి. సిసిలియా గారు ఏమీ అనుకోవద్దు గానీ, కొవ్వొత్తి వెలిగించమంటున్నది ఆమెకు నిప్పు పెట్టిన చర్చే కదా. విచారణ నడిపిన కొషాన్ బిషప్పే కదా. కాల్చి, మళ్లీ 1920లో పునీతురాలని ప్రకటించారు. మధ్యలో 489 ఏళ్లు. మన తాలూకా ఆఫీసులో ఫైలు కూడా ఇంతకంటే ముందు కదులుతుంది.

సిసిలియా_గుంటూరు
అనుకోవద్దు అంటూనే అనేశారు. కొషాన్ ఇంగ్లీషు వాళ్ల మనిషి, వాళ్ల జీతం తిన్నవాడు. ఆ తీర్పు చెల్లదని 1456లో తేల్చిందీ చర్చే. ఆ విచారణ కోసం కాళ్లరిగేలా తిరిగింది ఎవరో తెలుసా? ఆమె తల్లి ఇసబెల్. ముసలితనంలో పారిస్ నోత్రెదామ్‌కు వచ్చి బిడ్డకు న్యాయం చేయమని అడిగింది. మా అమ్మ కొవ్వొత్తి వెలిగించింది బిషప్పుకు కాదు. ఆ అమ్మకూ ఆ బిడ్డకూ. మా అమ్మ భక్తి మీద చమత్కారాలు వద్దు.

సందేహాల_శాస్త్రి
తల్లి గురించి చెప్పారు, తండ్రి గురించి కూడా చెప్పండి మరి. కూతురు సైనికులతో వెళ్లిపోయినట్టు జాక్ దార్క్‌కు కల వచ్చింది. అదే నిజమైతే దాన్ని నీళ్లలో ముంచేయండి, మీరు ముంచకపోతే నేనే ముంచుతానని కొడుకులతో అన్నాడు. విచారణలో ఆమె నోటితో చెప్పిన మాటే ఇది. మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్న ఊళ్లో, ఆ ఇంట్లోనే జరిగిన సంభాషణ. ఆమె ఆ ఇంటి నుంచి చెప్పకుండా వెళ్లిపోయింది. దూరపు బంధువు దురాన్ లక్సార్‌ను ఒప్పించి, ప్రసవం దగ్గరపడ్డ అతని భార్యకు సాయంగా ఉంటానని బయటపడి, వోకూలర్ కోటలో కెప్టెన్ బోద్రికూర్ దగ్గరికి చేరింది. పదిహేడేళ్ల పిల్ల. మళ్లీ ఆ గుమ్మం తొక్కినట్టు లేదు. వదిలి వెళ్లిన ఇంటిని పుణ్యక్షేత్రం చేయడమేమిటో!

విశ్రాంత_మాస్టారు
ఆ కల మాట ఇప్పుడెందుకు ఎత్తారు? తండ్రి అన్నాక భయపడడా? చుట్టూ యుద్ధం, వయసొచ్చిన పిల్ల, సైనికుల వెంట పోతుందని కల వస్తే ఏమంటాడు, హారతి ఇస్తాడా? ఆమె అన్ని విషయాల్లోనూ తల్లిదండ్రుల మాట విన్నానని చెప్పింది.

సిసిలియా_గుంటూరు
మాస్టారూ, ఆ వాక్యం అక్కడితో ఆగదు. అన్నిటిలోనూ విన్నాను, ఈ వెళ్లిపోవడంలో తప్ప, అంది. తూల్ పట్టణంలో పెళ్లి వ్యాజ్యం ఇంకొకటి. పెళ్లాడతానని మాట ఇచ్చి తప్పిందని ఒకతను దావా వేస్తే, ఎవరికీ మాట ఇవ్వలేదని న్యాయస్థానంలో నిలబడి గెలిచింది. ఇంట్లో చెప్పకుండా వెళ్లడం తప్పు కాదా అని అడిగితే, వంద మంది తండ్రులు, వంద మంది తల్లులు ఉన్నా, రాజు కూతురినైనా వెళ్లేదాన్నే, దేవుడు వెళ్లమన్నాడు కనుక అంది. మా అమ్మకు ఆమె అంటే ఇష్టం అందుకే. మీరు చెబుతున్న మాట జవదాటని పిల్లకు ఎవరూ గుడి కట్టరు.

విశ్రాంత_మాస్టారు
మీకు పిల్లలున్నారా? పెద్దవాళ్లయ్యారా?

నాకు ఒక్కతే కూతురు. ఫ్రాన్స్‌లో చదువుకు దరఖాస్తు పెట్టిన సంగతి నాకు తెలియదు. వీసా వచ్చాక తెలిసింది. విమానం ఎక్కాక వాళ్లమ్మ చెప్పింది. ఏడాదిన్నర ఫోనులో మాట్లాడలేదు. నేను కూడా ఏదో అన్నాను, ముంచేస్తానని కాదు గానీ, అంతకు తక్కువ కాదు. మూడేళ్ల కిందట టికెట్టు పంపి, ఎక్కడికైనా తీసుకెళ్తాను నాన్నా అంటే నేను అడిగింది ఈ ఊరు. అన్నేళ్లు చెప్పిన పాఠం కదా. ఆ ఇంట్లో చర్చి వైపు చిన్న కిటికీ ఉన్న గది ఒకటుంది, జోన్‌దని చెబుతారు. అందులో నిలబడి మా అమ్మాయి చెప్పింది. పదమూడో ఏట, ఎండాకాలం మధ్యాహ్నం, తండ్రికి చెందిన తోటలో ఉండగా ఆమెకు మొదటిసారి, దేవుడి దగ్గరి నుంచి వచ్చిందన్న ఆ గొంతు వినిపించిందని. తోటలో తండ్రి కూడా ఉన్నాడా అని అడిగాను. తెలియదు నాన్నా అంది.

నేను గొర్రెల దగ్గరే ఆగిపోయింది ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఇక రాయను.

తూర్పు_గాలి
మాస్టారూ, ఉండండి.

సందేహాల_శాస్త్రి
మాస్టారూ, కల మాట నేను ఎత్తింది సిసిలియా గారి మీద కోపంతో. మీకు తగులుతుందని తెలియదు.

నేను సగంలో వదిలేసినది ఒకటి చెబుతాను. 1429 జూలై 17న రీమ్స్‌లో పట్టాభిషేకం జరిగినప్పుడు తండ్రి వచ్చాడు. ఆ ఊళ్లో "చారల గాడిద" అనే సత్రంలో దిగాడు. ముంచేస్తానన్న మనిషే. కూతురిని చూడడానికి అంత దూరం వచ్చాడు. అదే నెల చివర రాజు ఆమె కోరిక మీద దోంరెమీకీ పక్కనున్న గ్రూకీ పన్నులు మాఫీ చేశాడు. తరువాత పన్ను లెక్కల్లో ఆ ఊళ్ల పేరు ఎదుట "ఏమీ లేదు, కన్య" అని రాసేవాళ్లు. ఎన్నో ఏళ్లపాటు. ఆమె గుమ్మం తొక్కకపోవచ్చు గానీ ఊరిని మరిచిపోలేదు. అది ఒప్పుకుంటాను.

విశ్రాంత_మాస్టారు
సత్రం ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

సందేహాల_శాస్త్రి
రీమ్స్ నగరమే కట్టింది. ఖాతాల్లో ఉంది.

విశ్రాంత_మాస్టారు
నాకు మా అమ్మాయి కట్టింది.

సిసిలియా_గుంటూరు
మాస్టారూ, నా మాట కటువుగా వచ్చింది, మన్నించండి. గొర్రెల విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

విశ్రాంత_మాస్టారు
నేనూ తగ్గను. తండ్రి వంతు వచ్చినప్పుడు కాసింది.

పిడుగు
చందుపట్ల ఎవరూ చూడలేదన్నమాట.

వేసవి_ప్రయాణం
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి చదువుతూనే ఉన్నాను. నాన్నకు కూడా చదివి వినిపించాను, సత్రం దగ్గర ఇంకోసారి చదవమన్నారు. వెళ్తున్నాం. కానీ అమ్మ మోకాళ్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

తూర్పు_గాలి
ఇల్లూ పాత చర్చీ పక్కపక్కనే ఉన్నాయి, ఇంటి కింది గదుల వరకు ఇబ్బంది లేదు. బసిలికా ఊరికి కిలోమీటరున్నర దూరం, కారు అక్కడిదాకా వెళ్తుంది, ముందు మాత్రం మెట్లున్నాయి. అమ్మగారిని బయట కూర్చోబెట్టండి, లోయంతా, మ్యూజ్ నది వంపులూ అక్కడి నుంచే కనిపిస్తాయి. కారు తప్పనిసరి, బస్సుల మీద ఆధారపడకండి. టైము ఉంటే ఇరవై కిలోమీటర్లు వోకూలర్ కూడా వెళ్లండి, ఆమె 1429 ఫిబ్రవరిలో రాజు దగ్గరికి బయలుదేరిన కోట ద్వారం అక్కడుంది. తినడానికి ఏమైనా వెంట తీసుకెళ్లండి.

విశ్రాంత_మాస్టారు
పులిహోర చాలు. వంతెన పక్కన గడ్డిలో కూర్చోవచ్చు. మేము అలాగే చేశాం.