పీటాట్ కరెంట్ గీత ఎందుకు వంగుతోంది?

ఎంటెక్_రెండో_ఏడు:
180 నానోమీటర్ సీమాస్ చిప్ టెక్నాలజీలో పీటాట్ కరెంట్ సర్క్యూట్ చేస్తున్నాను, అంటే కెల్విన్ ఉష్ణోగ్రతకు తగ్గట్టు కరెంట్ తిన్నగా పెరగాలి. రెండు పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ ఏరియా 1:8, పైన ఆప్‌ఆంప్ (ఆంప్లిఫయర్). 27 డిగ్రీల దగ్గర సరిగ్గా 10 మైక్రోఆంప్స్ వస్తోంది. 125 దగ్గర 13.3 రావాలి, 11.6 దగ్గరే ఆగిపోతోంది. −40 దగ్గర 7.8 బదులు 8.6. మూడు రోజులుగా ఆప్‌ఆంప్ గెయిన్ పెంచుతూనే ఉన్నాను, తేడా లేదు. శుక్రవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాత_అనలాగ్:
తమ్ముడూ, ఆప్‌ఆంప్‌ని వదిలెయ్. రెసిస్టర్ ఏది వాడావు? 13.3ని 11.6తో భాగించు, 1.147 వస్తుంది. 98 డిగ్రీలకు 14.7 శాతం, అంటే నీ రెసిస్టర్ డిగ్రీకి 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) పెరుగుతోంది. చల్లటి వైపు లెక్కేసినా దాని దగ్గర్లోనే తేలుతుంది. సిలికాన్‌లోనే చేసే డిఫ్యూజన్ రెసిస్టర్ అనుకుంటున్నా.

రెండు ట్రాన్సిస్టర్ల వీబీఈల (బేస్-ఎమిటర్ వోల్టేజీల) తేడా నీ దగ్గర 27 డిగ్రీలకు సుమారు 54 మిల్లీవోల్ట్‌లు, డిగ్రీకి 0.18 మిల్లీవోల్ట్ చొప్పున పెరుగుతుంది. అది తిన్నగానే ఉంటుంది. కరెంట్ కావాలంటే దాన్ని రెసిస్టర్ విలువ ఆర్‌తో భాగించాలి కదా, చిక్కంతా అక్కడే. ఆర్ వేడితో తిన్నగా పెరిగినా సరే, హారంలో కూర్చుంది కాబట్టి కరెంట్ వంగుతుంది. 300 కెల్విన్ దగ్గర పీటాట్ పెరుగుదలే డిగ్రీకి 3300 పీపీఎం. అందులో దాదాపు సగం నీ రెసిస్టర్ తినేసింది.

నాకిది చేతులు కాలాకే తెలిసింది. మొదటి ఉద్యోగంలో, ఏరియా కలిసొస్తుందని చివరి వారంలో ఎన్‌-వెల్ అనే మరో రకం రెసిస్టర్‌కి మార్చాను. టెంపరేచర్ స్వీప్ మళ్లీ నడపలేదు. చిప్ వచ్చింది. ఓవెన్ 25 నుంచి 85కి ఎక్కింది, మీటర్‌లో కరెంట్ మాత్రం ఉన్నచోటే ఉంది. వైరు ఊడిందేమోనని రెండుసార్లు తలుపు తీసి చూశాను. ఊడలేదు. ఆ రెసిస్టర్ కూడా డిగ్రీకి 3000 పీపీఎం పైనే పెరిగేది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అప్పటినుంచి కరెంట్ కన్నా ముందు డెల్టా వీబీఈనే, అంటే ఆ వీబీఈల తేడానే ప్లాట్ చేస్తాను. నువ్వూ చెయ్. గీతను వెనక్కి పొడిగిస్తే −273 దగ్గర సున్నాను తాకాలి.

ఎంటెక్_రెండో_ఏడు:
చూశాను అన్నా. 125 దగ్గర 71.3 మిల్లీవోల్ట్‌లు, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. రెసిస్టర్ ఎన్‌-ప్లస్ డిఫ్యూజనే.

టెస్ట్_బెంచ్:
ఒక మాట కలుపుతాను. సిలికాన్‌లో ఆప్‌ఆంప్ ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్‌ల మధ్య మిగిలే తేడా) 1 మిల్లీవోల్ట్ ఉన్నా ఐదారు డిగ్రీల తప్పు చూపిస్తుంది. కాకపోతే అది గీతను పక్కకి జరుపుతుంది, వంచదు. 110 డిగ్రీలు దాటాక గీత పైకి లేస్తే లీకేజీ కరెంట్‌ని అనుమానించండి, దాదాపు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. ఏడీ590 టెంపరేచర్ సెన్సర్ చిప్ కెల్విన్‌కి 1 మైక్రోఆంప్ ఇస్తుందంటే, అందులో ఉన్నవి లేజర్‌తో ట్రిమ్ చేసిన థిన్ ఫిల్మ్ రెసిస్టర్లు.

పాత_అనలాగ్:
అవును, ఆఫ్‌సెట్ సంగతి మర్చిపోకు. తమ్ముడూ, ఈ కరెంట్ చివరికి ఎక్కడికి వెళ్తోంది? అదే రకం రెసిస్టర్ మీద వోల్టేజీగా మార్చుకుంటే ఆర్ రెండు చోట్లా పోతుంది, ఏమీ మార్చక్కర్లేదు.

ఎంటెక్_రెండో_ఏడు:
ఆసిలేటర్‌కి అన్నా, కరెంటే కావాలి.

పాత_అనలాగ్:
అయితే నెగటివ్ టీసీ ఉన్న, అంటే వేడికి విలువ తగ్గే పాలీసిలికాన్ రెసిస్టర్‌ని దీనికి సిరీస్‌లో కలుపు. రెండింటి నిష్పత్తి స్వీప్ చేసి, ఆర్ గీత ఎక్కడ చదునవుతుందో చూడు. రెండో ఆర్డర్ వంపు కొంచెం మిగులుతుంది. కార్నర్లన్నీ (తయారీలో వచ్చే తేడాల హద్దులు) నడిపాకే గైడ్ దగ్గరికి వెళ్లు.