లింకన్‌లో ఏ చర్చికి వెళ్ళాలి?

ప్రశ్న: అందరికీ వందనాలు. మాది మెదక్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. చదువు కోసం ఇంగ్లండు వచ్చి మూడు వారాలైంది. తెలుగు సహవాసానికి వెళ్ళాలంటే రైల్లో గంటన్నర. వీధి చివర మెథడిస్టు చర్చి ఉంది, కానీ అంతా తెల్లవాళ్ళే, ముసలివాళ్ళే. ఆదివారం వస్తే రూమ్‌లో కూర్చుని ఏడుస్తున్నాను.

జవాబు: చెల్లీ, ఈ ఆదివారమే వీధి చివర చర్చికి వెళ్ళు. మన మెదక్ గుడి కట్టించిన పాస్నెట్ దొరగారు ఎవరనుకున్నావు? ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. కరువు రోజుల్లో జనానికి పని, తిండి చూపించి కట్టించిన గుడి అది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఆ మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ, ఇంకొందరూ కలిస్తేనే 1947లో సీఎస్ఐ అయింది. నువ్వు వెళ్ళేది పరాయి గుమ్మం కాదమ్మా.

ఆరాధన అయ్యాక టీ ఇస్తారు, ఉండు. నేను కొత్తలో ఆశీర్వాదం అవగానే బయటికి వచ్చేసి, ఎవరూ పలకరించలేదని బాధపడేదాన్ని. ఒక వారం ధైర్యం చేసి వంటగదిలోకి వెళ్ళి కప్పులు కడిగాను. పక్కన తుడుస్తున్న పెద్దావిడ నా పేరు అడిగి, సరిగ్గా పలకడానికి నాలుగుసార్లు ప్రయత్నించింది. తర్వాతి ఆదివారం నా కోసం సీటు ఆపి పెట్టింది.

తెలుగు సహవాసానికి నెలకోసారైనా వెళ్ళు. మన కీర్తన మన భాషలో పాడితే గుండె తేలికవుతుంది. కానీ ఒక మాట ముందే చెప్పాలి. అక్కడా కొందరు ఇంటిపేరు అడుగుతారు, ఊళ్ళో ఎటువైపు అని అడుగుతారు. ఎందుకో నీకు తెలుసు. నన్నూ అడిగారు, ఆ తర్వాత మాటలు తగ్గాయి. ఇంటికొచ్చి బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయం తీశాను. దేవుడు మనల్ని దత్తత తీసుకున్నాడనీ, మనం ఆయన వారసులమనీ పౌలు రాశాడు. మన వైపు దత్తత వెళ్ళిన బిడ్డకు ఇంటిపేరే మారిపోతుంది కదా, ఆస్తిలో వాటా వస్తుంది కదా! మరి దేవుని ఇంట్లో పాత ఇంటిపేరు అడగడం ఏమిటి? నిన్ను అడిగితే తల దించుకోకు, వెళ్ళడం మానకు. అడిగినవాళ్ళ కోసం కూడా ప్రార్థన చెయ్యి, వాళ్ళూ ఆ ఇంటి పిల్లలే.

ఇంకొకరి జవాబు: అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మెదక్‌లో మీ చర్చి అయ్యగారికి (పాస్టరుగారికి) ఫోన్ చేసి, బాప్తిస్మం, కన్ఫర్మేషన్ వివరాలతో ఒక లెటర్ రాయించుకోండి. ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు) రావడానికి ఇక్కడ మెథడిస్టులు లెటర్ అడగరు. రేపు ఆ సంఘంలో సభ్యత్వం తీసుకోవాలనుకుంటే మాత్రం పనికొస్తుంది.

మళ్ళీ అక్క: ఆదివారం సాయంత్రం ఎలా జరిగిందో ఇక్కడ రాయి చెల్లీ, చూస్తూ ఉంటాను. క్రిస్మస్‌కు ఒక్కదానివే ఉండకు, మా ఇంటికి రా.